పని ఉన్న దయ్యం

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి జడ్జమ్మ అంటారు. నిజానికి ఆవిడ కోర్టు మెట్లు ఎక్కి ఎరగదు. చదివింది చరిత్రలో డిగ్రీ, ఇరవై నాలుగేళ్లుగా చేస్తున్నది ఇంటి పని. మరి ఆ బిరుదు ఎలా వచ్చిందంటే, ఆవిడ ఏటా ఓ నెలపాటు దయ్యాలకు తీర్పు చెబుతుంది.

ఊళ్లో పాత సినిమా హాలు ఒకటి ఉంది. అందులో నలభై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్ రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఒక పోటీ మొదలుపెట్టాడు. చవకలో తీసిన భయం సినిమాల పోటీ. ఒక్కోటి అరగంటకు మించకూడదు. తీసేవాళ్లంతా పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవురోజుల్లో తమ్ముడి మొహానికి పిండి పూసి దయ్యాన్ని చేసే బాపతు. వాటిని హాల్లో కూర్చోబెట్టి చూపిస్తే ఆ భయం హాలుదవుతుంది కానీ సినిమాది కాదని ఆపరేటర్ సిద్ధాంతం. కాబట్టి ఐదుగురు జడ్జీలూ ఎవరింట్లో వాళ్లు, ఎవరి టీవీలో వాళ్లు చూడాలి. సినిమాల మీద పేర్లుండవు, నంబర్లే. ఇరవైకి మార్కులు వేసి, ఒక పేజీ అభిప్రాయం రాయాలి. ఆ పేజీ జడ్జి పేరు లేకుండా తీసినవాళ్లకు చేరుతుంది. మొదటి రెండు స్థానాలు వచ్చిన సినిమాలను ఓ ఆదివారం మ్యాట్నీలో ఆ హాలు తెర మీద వేస్తారు. కప్పు లేదు, శాలువా లేదు. ఆ తెరే బహుమతి.

జడ్జమ్మ మొదటి ఏడాది మార్కులు వెయ్యడానికి కూర్చుంటే కలం కదల్లేదు. భయం వేసిందా అని మనసును అడిగితే, పాపం ఎవరో కష్టపడి తీశారు కదా, వేసిందనే చెప్పు అంటుంది. అంత మొహమాటం ఉన్న మనసుతో తీర్పులేం చెబుతాం? అప్పుడు ఆవిడ చూపు ఒళ్లో ఉన్న బట్టల మీద పడింది. సినిమా చూస్తూ ఉతికిన బట్టలు మడతపెడుతోంది మరి. అందులో ఒక చొక్కా తలకిందులుగా ఉంది. ఒక తువ్వాలుకు ఐదు మూలలు వచ్చాయి. ఆ రెండూ సినిమాలో బీరువా తెరుచుకున్న చోట మడతపెట్టినవి.

చేతులకు మొహమాటం తెలియదని ఆ రోజు అర్థమైంది.

అప్పటినుంచీ అదే పద్ధతి. మధ్యాహ్నం రెండు గంటలకు వంటగది సర్దేసి, కిటికీ తెరలను బట్టల క్లిప్పులతో బిగించి, వారం బట్టలు సోఫా మీద గుట్ట పోసుకుని కూర్చుంటుంది. తప్పు మడత ఒక్కోదానికి భయం కింద ఒక మార్కు, పది దాకా. తలుపుకు ఐదు, ఎందుకంటే కారణం లేకుండా కిర్రుమనే తలుపంటే ఆవిడకు ఒళ్లుమంట. ఆ మనుషులు ఇంకా ఆ ఇంట్లో ఎందుకున్నారు అన్న ప్రశ్నకు మిగతా ఐదు. ఈ ఆఖరి ఐదూ ఆరేళ్లలో ఎవరికీ పూర్తిగా పడలేదు.

పోటీల కాలంలో ఆవిడ భర్త నలిగిన చొక్కాలతో పనికి వెళ్తాడు. లిఫ్టు మెకానిక్. "ఏంటన్నా, ఇంట్లో దయ్యాలు దిగాయా?" అని తోటివాళ్లు అడిగితే, "పన్నెండు సినిమాలట ఈసారి" అని కాలరు సర్దుకుంటాడు. తను మాత్రం ఒక్కటీ చూడడు. రోజంతా చీకటి గోతుల్లో వేలాడి వచ్చేవాడికి మళ్లీ ఇంట్లో చీకటెందుకంటాడు.

ఆవిడతో కూర్చుని చూసేది అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్లు. చేతుల కుర్చీలో శాలువా మోకాళ్ల మీద వేసుకుని కూర్చుని, ప్రతి దయ్యాన్నీ అదే ప్రశ్న అడుగుతుంది. "ఈ పిల్లకి తల దువ్వేవాళ్లు లేరా?" పదో నిమిషానికల్లా నిద్రపోతుంది. సినిమా అయ్యాక లేచి, "బాగుంది, మార్కులు గట్టిగా వెయ్యి" అంటుంది. ఆరేళ్లుగా ఆవిడ నిద్రపోని సినిమా లేదు.

మడతల విద్య నేర్పింది ఆ అత్తగారే. ఆసుపత్రి బట్టల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది ఆవిడ. నేల కింద గది, ఒక్క బల్బు, పైనుంచి గొట్టంలో బట్టలు పడుతుండేవి. రోజుకు నాలుగు వందల గౌన్లు మడతపెట్టి పంపితే పైన ఎవరూ ఎవరు మడతపెట్టారని అడిగిన పాపాన పోలేదు. జడ్జమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చొక్కాను బోర్లా వెయ్యాలి. చేతులు రెండూ వెనక్కి కట్టెయ్యాలి. కింద నుంచి పైకి మూడు మడతలు. మీద అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో రెండుసార్లు రాయాలి. ఆఖరున ఎడమ మూలను చిటికెన వేలితో చిన్నగా లాగాలి.

"చిటికెన వేలెందుకండీ అత్తయ్యా? బొటనవేలితో లాగితే రాదా?"

"నా బొటనవేలు ఆవిరి పెట్టెలో కాలింది. వంగదు."

"నాది వంగుతుందిగా?"

"నేర్చుకునేటప్పుడు నేర్పినట్టు నేర్చుకో. తర్వాత నీ ఇష్టం."

కొత్తలో ఒళ్లు మండింది. తర్వాత ఆ ఇష్టం ఎప్పుడూ రాలేదు. ఇరవై నాలుగేళ్లుగా బొటనవేలు నిక్షేపంగా ఉండి కూడా ఎడమ మూలను చిటికెన వేలితోనే లాగుతోంది. లోకంలో ఆ లాగుడు తెలిసినవాళ్లు ఇద్దరే.

ఇక ఆవిడ రాసే పేజీల సంగతి. ఆపరేటర్ వాటిని చదివి నవ్వుకుని మరీ పంపుతాడని వినికిడి. రెండేళ్ల కిందట ఒక సినిమా వచ్చింది. అందులో దయ్యానికి నోటినిండా కోరలు. ఆవిడ నాలుగు మార్కులు వేసి ఇలా రాసింది: "పళ్లు బ్రహ్మాండం. ఇంత చక్కటి పలువరస నేనింతవరకు ఏ దయ్యానికీ చూడలేదు. రెండు మార్కులు వాటికే. కానీ ఇరవై నిమిషాలు అది నోరు తెరుచుకుని నిలబడే ఉంది. డాక్టరు కోసం ఎదురుచూస్తున్నట్టుంది." పోయినేడు ఇంకొకటి వచ్చింది. లిఫ్టులో దయ్యం. దానికి ఆరు. "లిఫ్టు మెకానిక్ భార్యగా చెబుతున్నాను, తలుపులు అలా మూసుకోవు. అది పక్కన పెట్టండి. మీ దయ్యం పైకీ కిందికీ తిరుగుతోంది, ఎవరో కనిపిస్తే అరుస్తోంది. పనీపాటా లేని దయ్యానికి ఎవరూ భయపడరు, విసుక్కుంటారు. దానికి కాస్త పని ఇవ్వండి."

ఈ ఏడు ఏడో నంబరు సినిమా చూసింది ఒక బుధవారం మధ్యాహ్నం.

పేరు 'మిగిలిన బట్టలు'. ఒక కుర్రాడు గది అద్దెకు తీసుకుంటాడు. పొద్దున్న మంచం మీద విసిరేసి పోయిన బట్టలు సాయంత్రం వచ్చేసరికి మడతపెట్టి ఉంటాయి. ఇంటివాళ్లెవరో మంచివాళ్లనుకుంటాడు. మర్నాడు ఇంకా ఎక్కువ విసిరేసి పోతాడు. అవీ మడతలే. తలుపు కిర్రుమనదు. అసలు మూసే ఉండదు, వారగా తెరిచే ఉంటుంది, రోజురోజుకూ ఇంకొంచెం. జడ్జమ్మ కళ్లు తెర మీద ఉండగానే నోట్‌బుక్కులో తలుపుకు ఐదు వేసేసింది. ఆ కుర్రాడు గది ఎందుకు ఖాళీ చెయ్యడం లేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఊరికే బట్టలు మడతపెట్టి పెట్టే ఇల్లు దొరికితే ఎవడు ఖాళీ చేస్తాడు? ఆవిడ నవ్వుకుని, ఆరేళ్లలో మొదటిసారి అక్కడ కూడా ఐదు వేసింది.

తర్వాత నవ్వు రాలేదు. మడతపెట్టిన బట్టల్లో కుర్రాడివి కానివి కనిపించడం మొదలైంది. ఒక చిన్నపిల్లల గౌను. ఒక మగమనిషి చొక్కా, జేబులో కళ్లజోడుతో. చివరి రోజు వాడు వచ్చేసరికి గదిలో ఒక ముసలావిడ గోడవైపు తిరిగి కూర్చుని మడతపెడుతోంది. మొహం లేదు, ఒక్క వీపూ, చేతులూ. చప్పుడు లేదు, బట్ట మీద చెయ్యి రాసిన చప్పుడు తప్ప. ఒకటి అయింది. ఇంకొకటి తీసుకుంది. అదీ అయింది. గుట్ట తరుగుతోంది. ఆఖరుది కూడా అయిపోయాక, వెనక్కి తిరక్కుండానే, ఆవిడ చెయ్యి వాడివైపు చాపింది. వాడి ఒంటిమీద చొక్కా కోసం. చాపి, ఓపిగ్గా, అలాగే ఉంచింది.

సినిమా అయిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. అత్తగారు తల దువ్వుకోని పిల్ల సంగతి ఈసారి అడగలేదు.

జడ్జమ్మ మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి. భయానికి పదికి పదీ ఖాయమనుకుంటూ మడతలు లెక్కపెట్టడానికి చూపు దించింది. ఒక్క తప్పూ లేదు. పద్దెనిమిది బట్టలు, పద్దెనిమిదీ షాపులో పెట్టి అమ్ముకోవచ్చు. పద్ధతి ప్రకారం భయానికి సున్నా!

ఆవిడ మళ్లీ చూసింది. పద్దెనిమిది కాదు, ఇరవై ఒకటి ఉన్నాయి. అడుగున ఉతికిన బట్టలు. వాటి మీద టీవీ తుడిచే గుడ్డ, మూడు మడతలు. దాని మీద తన నడుముకు ఉండాల్సిన వంట ఏప్రాను. అన్నిటికన్నా పైన అత్తగారి మోకాళ్ల మీద ఉండాల్సిన శాలువా. ఎప్పుడు విప్పుకుందో, ఎప్పుడు ఆవిడ ఒళ్లోంచి లాక్కుందో తెలియదు. ఆ ముసలావిడ ఒకటి మడతపెడితే తనూ ఒకటి పెట్టింది. అక్కడ ఆగితే ఇక్కడ ఆగింది. తన చేతులు తన మాట వినడం మానేసి తెరలోని చేతుల మాట విన్నాయి.

వాటికి ఆ మాట ఎలా తెలుసు?

రిమోటు తీసుకుని సినిమాను కొంచెం వెనక్కి తిప్పింది. చొక్కా బోర్లా పడింది. చేతులు వెనక్కి. కింద నుంచి పైకి. చేతి వెనకవైపుతో రెండుసార్లు. ఎడమ మూల దగ్గర చిటికెన వేలు వంగింది. బొటనవేలు కర్రలా నిటారుగా నిలబడి ఉంది.

ఆవిడ బొమ్మను అక్కడే ఆపి, కుర్చీవైపు తిరిగింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఈవేళ నిద్ర రాలేదా?"

"పొద్దున కాఫీ కొంచెం ఎక్కువైంది."

"ఆ వేలు ఎవరిది?"

"ఏ వేలు?" అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఎదురుగా గజం పొడవున కనిపిస్తున్న వేలిని వెతికింది. "ముసలాళ్ల వేళ్లన్నీ ఒకేలా ఉంటాయమ్మాయ్."

"పోయిన నెల మీ అమ్మాయింటికి పది రోజులు దేనికి వెళ్లారు?"

"కన్నకూతురింటికి వెళ్లడానికి కారణం చెప్పాలా? చుట్టపు చూపు."

"పది రోజులూ చుట్టంలాగే కూర్చున్నారా?"

అత్తగారు శాలువా కోసం మోకాళ్లు తడుముకుంది. అది గుట్ట మీద ఉంది. దాన్ని చూసింది, కోడల్ని చూసింది. మొహం మీదకు వస్తున్న నవ్వును పెదాలతో పట్టుకోలేకపోయింది. "చెప్పకూడదని ఒట్టు పెట్టించుకుంది నీ మేనకోడలు. నేను చెప్పలేదు. నువ్వే పట్టుకున్నావు. అది వేరు." గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకీ ఆ ముసలావిడ ఎలా చేసింది?"

జడ్జమ్మ చెయ్యి ముందుకు చాపి, మోచేతి దాకా లేచి నిలబడ్డ రోమాలను అత్తగారికి చూపించింది. అత్తగారు దగ్గరకు వంగి, మార్కెట్లో సరుకు పరీక్షించినట్టు పరీక్షించి, తృప్తిగా వెనక్కి వాలింది.

మేనకోడలు ఆడపడుచు కూతురు. ఇరవై ఆరేళ్లు. పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని. ఫోను తీయగానే అత్తయ్య గొంతు విని విషయం అర్థం చేసుకుంది.

"అమ్మమ్మ చెప్పేసిందా?"

"ఆవిడ వేలు చెప్పింది. నువ్వు ముందు నాకో సంగతి చెప్పు. రెండేళ్ల కిందటి ఆ కోరల దయ్యం..."

"నాదే."

"లిఫ్టు దయ్యం?"

"అదీ నాదే. 'డాక్టరు కోసం ఎదురుచూస్తున్నట్టుంది' అని రాశావు చూడు, అది చదివి రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు అర్థమైంది, ఇలా రాసేది మా అత్తయ్య ఒక్కతే అని. మా అమ్మ గుమ్మం తెరల్ని గురించి నువ్వు అలాగే మాట్లాడావు ఒకసారి."

"తెలిసి కూడా ఒక్క మాట అనలేదేమే?"

"అంటే నువ్వు మెత్తబడతావు. పేజీ మెత్తబడుతుంది. ఆ రెండు పేజీలూ ల్యాబులో నా బల్ల ఎదురుగా అంటించుకున్నాను అత్తయ్యా. 'దానికి కాస్త పని ఇవ్వండి.' ఏడాదంతా పళ్లకు పాలిష్ పెడుతూ అదే చూశాను. దయ్యానికి ఏం పని ఇవ్వాలి అని. తర్వాత ఓ రోజు మీ ఇంటికొచ్చాను. మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. మాటల్లేవు. ఇద్దరి వేళ్లూ ఒక్కసారే వంగాయి. నాకు వెన్నులో చలి పుట్టింది."

"మమ్మల్ని చూసి?"

"మిమ్మల్ని చూసే."

పొగడ్తో తిట్టో తేల్చుకోవడానికి జడ్జమ్మకు కొంచెం సమయం పట్టింది. పొగడ్తేనని తేల్చుకుంది.

"మూడేళ్లుగా అనుకుంటున్నా అత్తయ్యా," అంది మేనకోడలు. "ఒక్కసారి ఆ తెర మీద చూడాలి. అమ్మమ్మ చేతుల్ని అంత పెద్దగా. ఆవిడ పని ఎప్పుడైనా ఎవరైనా చూశారా?"

ఫోను పెట్టేశాక ఆవిడ ఆపరేటర్ పంపిన నిబంధనల కాగితం తీసింది. అందులో ఆరో వాక్యం: తీసినవారితోగాని నటించినవారితోగాని బంధుత్వం ఉంటే జడ్జి ముందే చెప్పి, ఆ సినిమాకు మార్కులు వెయ్యకుండా తప్పుకోవాలి.

అత్తగారు కుర్చీలోంచే అంది. "ఆ కాగితం లోపల పెట్టు. పేర్లు లేవు. మొహం లేదు. నీకు ఎవరూ చెప్పలేదు. ఇరవై వేసి పంపించు."

"నాకు తెలిసిపోయిందిగా అత్తయ్యా."

"తెలిసింది వేలే కదా. వేలికి చుట్టరికం ఏమిటి?"

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చేతులు కూడా కడుక్కోకముందే పంచాయితీ ఆయన ముందు పెట్టారు. ఆయన విని, తల గోక్కుని, "నేనైతే మా చెల్లెలుండే అపార్ట్‌మెంటు లిఫ్టుకి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనమ్మా. వేరేవాణ్ణి పంపిస్తా" అన్నాడు.

"లిఫ్టు తెగితే మనుషులు పోతారు. సినిమాకి మార్కులేస్తే ఎవరు పోతారురా?"

"అలా అడిగితే నేనేం చెప్పను..."

"చెప్పకు. వెళ్లి స్నానం చెయ్యి."

ఆయన మహా ఆనందంగా వెళ్లిపోయాడు.

జడ్జమ్మ వంటగదిలోకి వెళ్లి టీ పెట్టుకుంది. సినిమా ఇరవైకి ఇరవై. చేతులు సాక్ష్యం. తను తప్పుకుంటే మిగతా నలుగురి సగటు మీద ఆధారపడాలి. ఆ నలుగురిలో బస్సు కండక్టరు రక్తం లేని సినిమాకు ఏడు దాటి వెయ్యడని ప్రతీతి. తెర చెయ్యిజారి పోవచ్చు. తను నోరు మూసుకుంటే చాలు, దక్కవచ్చు. అయితే ఇంకొకటి ఉంది. మేనకోడలు బల్ల ఎదురుగా రెండు పేజీలు అంటించి ఉన్నాయి. వాటి విలువంతా రాసినామె ఎవరి మొహమూ చూడకుండా రాసిందన్న దాంట్లోనే ఉంది. ఈ ఇరవైతో ఆ పేజీలు కూడా చిత్తుకాగితాలవుతాయి. ఆ పిల్ల మూడేళ్లు కష్టపడింది అత్తయ్య ఇచ్చే ఇరవై కోసం కాదు. ఆ జడ్జి ఎవరో, ఆవిడ దగ్గర గెలవడం కోసం.

గెలిచింది. సందేహమేముంది? ఇక మార్కులతో పనేమిటి?

టీ చల్లారకముందే ఆపరేటర్‌కు ఫోను చేసింది.

"ఏడో నంబరు నుంచి నన్ను తప్పించండి. మా మేనకోడలిది. అందులో దయ్యం మా అత్తగారు."

"దయ్యం మీ అత్తగారా?"

"అవునండీ. నిజంగానే."

"అమ్మా, మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలుసు, మా అత్తగారికి తెలుసు. ఆవిడకి తెలిసిన సంగతి వారంలో వీధికి తెలుస్తుంది."

"అది విన్నాను, అది విన్నాను" అని కుర్చీలోంచి అత్తగారు.

ఆపరేటర్ నవ్వాడు. సగటు నలుగురిదే తీస్తానన్నాడు. అభిప్రాయం పేజీ మాత్రం రాసి ఇవ్వచ్చన్నాడు, దానికి మార్కులతో సంబంధం లేదు కాబట్టి. ఆ పేజీ ఆవిడ ఏమీ దాచుకోకుండా రాసింది. తలుపు గురించి, చాపిన చెయ్యి గురించి, తన ఏప్రాను గురించి. ఆఖరున ఇది కూడా: "చివర్లో చెయ్యి చాపాక ఆ వయొలిన్ ఎందుకు? భయపడాలని మాకు తెలుసు. వయొలిన్ వచ్చి చెప్పక్కర్లేదు."

ఫలితాలు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అత్తగారు కోడలితో మాట్లాడుతూనే, మాట్లాడటం లేదన్న సంగతి గుర్తుచేస్తూ వచ్చింది. కాగితం వచ్చింది. ఏడో నంబరు రెండో స్థానం. మొదటి స్థానం నాలుగో నంబరుకు, అదేదో చేపల తొట్టె సినిమా. తేడా పావు మార్కు.

"చేపల తొట్టెకి నువ్వెంత వేశావు?" అత్తగారు అడిగింది.

జడ్జమ్మ నోట్‌బుక్కు తెరవకుండానే చెప్పింది. "పదిహేడు."

"పదిహేడా!"

"ఎనిమిది బట్టలు తప్పు పోయాయి అత్తయ్యా. మంచి సినిమా."

"అయినవాళ్ల సినిమాకి సున్నా, ఎవరో చేపలవాడికి పదిహేడు!"

"సున్నా కాదు. తప్పుకున్నాను."

"అదేగా నేనంటున్నదీ!"

అయితే రెండో స్థానమంటే తెర దక్కినట్టే. ఆ సంగతి అత్తగారికి కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక, ఏ బట్టలు వేసుకోవాలన్న దాని మీదకు చర్చ మళ్లింది.

ఆదివారం మ్యాట్నీకి హాలు ముప్పాతిక నిండింది. సీట్లు పాతవి, కూర్చుంటే ముందుకు తోస్తాయి. మేనకోడలు గోళ్లు కొరుక్కుంటూ చివరి సీట్లో కూర్చుంది. పక్కన ఆడపడుచు, ఆయన. ఆయన దయ్యం సినిమాకు రావడం అదే మొదలు. మధ్యలో అత్తగారు కిరీటం ఒక్కటి తక్కువగా కూర్చుంది. చేపల తొట్టె సినిమా అయ్యాక చప్పట్లు బాగా పడ్డాయి. జడ్జమ్మ కూడా కొట్టింది. అత్తగారు కొట్టలేదు.

తర్వాత ఆ గది వచ్చింది. ఆ వీపు వచ్చింది. చేతులు వచ్చాయి.

ఒక్కో చెయ్యి ఇంటి తలుపంత ఉంది. వేలి కణుపులు, చర్మం మీద గీతలు, ముప్పై ఒక్క ఏళ్ల సబ్బునీళ్లకు అరిగిపోయిన గోళ్లు, కాలి నున్నబడ్డ బొటనవేలి మచ్చ, అన్నీ ఆ చివరి వరుస దాకా కనిపించాయి. బట్ట మీద చెయ్యి రాసిన చప్పుడు హాలంతా పాకింది. చిటికెన వేలు వంగింది.

జడ్జమ్మ తెరను చూడటం మానేసింది. ఆవిడ ఎప్పుడూ చూసేది చేతులనే, ఈసారి జనం చేతులను చూసింది. ముందు వరుసలో ఒక భారీ మనిషి పాప్‌కార్న్ పొట్లంలో చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయాడు. పక్కన ఎవరిదో చెయ్యి ఎవరిదో మోచెయ్యి పట్టుకుంది. వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లలా లేరు. తన భర్త చేతులు రెండూ చొక్కా గుండీలను గట్టిగా పట్టుకున్నాయి, తెరలోని ఆవిడ తన చొక్కానే అడగబోతున్నట్టు. కన్నతల్లి అని కూడా గుర్తులేదు పాపం.

ఆవిడ అత్తగారి చెవి దగ్గర చెప్పింది. "అటు చూడండి. పొట్లంలో చెయ్యి."

అత్తగారు చూసింది. తర్వాత పక్కకు చూసింది, వెనక్కి తిరిగి చూసింది. హాలు నిండా ఆగిపోయిన చేతులు. ఆవిడ చేతులు మాత్రం ఒళ్లో నిశ్చింతగా, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

చివర్లో వయొలిన్ వచ్చింది. "చెప్పానా" అంది జడ్జమ్మ. చివరి సీట్లోంచి మేనకోడలు "సరే, సరే" అంది.

లైట్లు వేశాక ఆపరేటర్ వేదిక ఎక్కి, దయ్యంగా నటించినవారు లేచి నిలబడాలి అన్నాడు. అత్తగారు లేచింది. కోడలి భుజం పట్టుకుంది, కానీ దాని మీద బరువు వెయ్యలేదు. చప్పట్లు మొదలై, ఆగక, జనం కూడా లేచి నిలబడ్డారు. పాప్‌కార్న్ మనిషి వెనక్కి తిరిగి, "అమ్మా, అసలు అంత భయపెట్టడానికి ఏం చేశారమ్మా?" అని అడిగాడు.

"ఏం చెయ్యలేదు బాబూ," అత్తగారు అందరికీ వినిపించేలా చెప్పింది. "బట్టలు మడతపెట్టాను. మీకిప్పుడు కనిపించింది, అంతే."

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు సోఫా మీద మామూలుగా వారం బట్టల గుట్ట పడింది. సినిమాలేమీ లేవు. అత్తా కోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. జడ్జమ్మ నోట్‌బుక్కు తెరిచి, ఏడో నంబరు ఎదురుగా ఖాళీగా వదిలిన గడిలో మార్కులు వెయ్యకుండా ఒక్క వాక్యం రాసింది: 'చేతులు మా అత్తగారివి.'

అత్తగారు మెడ సాచి, కళ్లజోడులోంచి దాన్ని రెండుసార్లు చదివింది. ఒక చొక్కా తీసి బోర్లా వేసింది, చేతులు వెనక్కి కట్టింది, మూడు మడతలు పెట్టింది, రాసింది, లాగింది.

"బాగానే ఉంది" అంది. "ఆ పావు మార్కు కూడా అక్కడే ఎక్కడైనా వెయ్యి."